నాకి నాకి పోయిన బొచ్చు

మా ఇంట్లో తలుపు చప్పుడు ముందు పిల్లికి తెలిసేది. పిల్లిని చూసి నా భార్యకు తెలిసేది.

నా భార్యకు చెవులు పోయాయి. పెళ్లై సూరత్ వచ్చిన కొత్తలో బాబిన్లు చుట్టే పనిలో చేరింది. ఆ తర్వాత ఆమె వయసంతా గుడ్డ నేసే లూముల మధ్యే గడిచింది. లూము షెడ్డులో చెవులు ఒక్కసారిగా పోవు. ముందు పిచ్చుకల చప్పుడు పోతుంది. తర్వాత చిన్నపిల్లల మాట, ఆడవాళ్ల గొంతు, కుక్కర్ కూత. మగవాళ్ల గొంతు ఇంకొంత కాలం ఉంటుంది, చివరికి అదీ పోతుంది. పెద్దాసుపత్రిలో చూపిస్తే నరం చచ్చిపోయిందన్నారు. చెవికి మిషను పెట్టిస్తే మాటలు రాలేదు, గరగర మాత్రం వచ్చింది. ఆమె దాన్ని తీసి గుండీల డబ్బాలో వేసింది.

మేమిద్దరం మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు. లూముల మధ్య పనిచేసేవాళ్లందరూ పెదవులు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటారు. పోగు తెగింది, టీ వచ్చింది, శేఠ్ వస్తున్నాడు, అన్నిటికీ ఒక్కో సైగ ఉంది. ఆ సైగలే మేము ఇంటికి తెచ్చుకున్నాం. ఇబ్బందంతా నేను ఇంట్లో లేనప్పుడే. పొద్దున్నే జోల్వాలో కార్ఖానాకు పోతే, పర్వత్ పాటియాలోని మా గదికి తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. అంతసేపూ ఆమె ఒక్కతే ఉండాలి. నల్లా కారుతున్నా, ఎవరు తలుపు బాదుతున్నా ఆమెకు తెలియదు. ఒక మధ్యాహ్నం తలుపు తీసి ఉంటే ఎవడో లోపలికి వచ్చి, ఆమె వెనకాల గోడకు తగిలించిన నా చొక్కా జేబులు వెతికి పోయాడు. ఆమె వంకాయలు తరుగుతూనే ఉంది. ఎదురింటి తాత చూసి కేకలు పెట్టాడట గానీ, ఆ కేకలు విన్నవాడు దొంగ ఒక్కడే.

పిల్లిని నేనే తెచ్చాను. కార్ఖానాలో పనికిరాని నూలు నింపిన గోతంలో పుట్టింది. తల్లి టెంపో కింద పడింది. మిగిలిన కూనలు ఏమయ్యాయో తెలియదు, ఇది ఒక్కటే గోతంలో అరుస్తూ ఉంటే టిఫిన్ సంచిలో వేసుకొచ్చాను. తెల్లటి ఒళ్లు, వీపు మీద బూడిద రంగు మచ్చలు. నా భార్య మొదట దాన్ని ముద్దు చేయలేదు, దాని వైపు చూస్తూ ఉండిపోయింది. కొంతకాలానికి నాకు అర్థమైంది, ఆమె దాని చెవులను చదవడం నేర్చుకుంటోందని. చెవులు రెండూ ముందుకొచ్చి మెడ సాగితే తలుపు దగ్గర మనిషి. ఒక్క చెవి కిటికీ వైపు తిరిగితే పావురం. చెవులు వెనక్కి వాలి తోక ఎగిరితే కుక్కర్. ఆమె ఎక్కడ కూర్చుంటే దాని గోనెపట్టా అక్కడికి జరిపేది. నేను తాళం తిప్పకముందే, మెట్ల మీద ఉండగానే, ఆమె నాకు పళ్లెం పెట్టేసి ఉండేది. అలా కొన్నేళ్లు గడిచాయి.

దీపావళి సెలవులకు మేము ఊరికి పోయి వచ్చాం. పిల్లిని తాపీ నది అవతల అమ్రోలిలో ఉండే మా చెల్లె దగ్గర వదిలి వెళ్లాం. తిరిగి తెచ్చుకున్న కొద్ది రోజులకే దాని పొట్ట మీద గులాబీ రంగు చర్మం కనపడింది. ముందు నా బొటనవేలి గోరంత ఉంది. తర్వాత అగ్గిపెట్టె అంత అయింది. అక్కడి నుంచి వెనక కాళ్ల లోపలి వైపుకు, ఇటు పక్కటెముకల మీదికి పాకింది. రెండు పక్కలా ఒకే కొలత.

కొలతలు చూడటం నా పని. పడుగు చుట్టే ఒక బీముకు ఎన్ని పోగులు పడతాయి, ఎంత నూలు పడుతుంది, దాని నుంచి ఎంత గుడ్డ దిగుతుంది, ఇవన్నీ కార్ఖానాలో నేనే లెక్కగట్టి చెబుతాను. బడి ఆరో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా ఒక ముసలి మాస్టరు వెనకాల నిలబడి, నూలు డబ్బాల అట్టల మీద రాసుకుంటూ నేర్చుకున్నాను. అంగుళంలో ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టే భూతద్దం ఒకటి ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. దాన్ని తెచ్చి పిల్లి పొట్ట మీద పెట్టాను. బొచ్చు పూర్తిగా పోలేదు. పొట్టి పొట్టి మొనలు నిలబడి ఉన్నాయి, అన్నీ మధ్యలో తెగినవే. మాకు పోగు మధ్యలో తెగిందంటే నూలులో బలం లేదని అర్థం. అందుకని పిల్లికి తిండిలో బలం చాలడం లేదని నేను లెక్క వేశాను. గుడ్లు పెట్టాను, చేప పెట్టాను. పిల్లి ఒళ్లు చేసింది గానీ బొచ్చు రాలేదు.

ఈలోగా గ్యాలరీలో అందరికీ తెలిసిపోయింది. మా అంతస్తులో గదులన్నీ వరుసగా ఉంటాయి, ముందు పొడుగ్గా ఒకటే వరండా, దాన్నే గ్యాలరీ అంటాం, అందరూ మన తెలుగువాళ్లే. పక్కింటామె బట్టలు ఆరేస్తూ నన్ను ఆపింది.

"ఏందన్నా, పిల్లికి గుండు కొట్టించినవా? ఏములాడ గుడి మొక్కా ఏంది?"

"తల వదిలేసి పొట్టకు కొట్టించే మొక్కు ఏడనన్న ఉందా అమ్మా?" అన్నాను.

"నవ్వులాటకు అంటలేనన్నా." ఆమె గొంతు మారింది. లోపలి నుంచి కూతురిని లాక్కొచ్చి జడ పైకెత్తి చూపింది. మెడ మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ, అంచు కొంచెం పొక్కింది. "సూడు. తామర. నీ పిల్లి దీని ఒళ్లె పంటది. మల్ల ఏడికెళ్లి వచ్చినట్టు?"

ఎదురింటి తాత సన్నటి గల్లీ అవతల తన కుర్చీలోంచే కలగజేసుకున్నాడు. "గంధకం పొడి తెచ్చి లూము ఆయిల్ల కలిపి రుద్దు. నా గజ్జి గట్లనే పోయింది."

"గజ్జి పోయింది గని నీ ఆయిలు వాసన ఇంకా పోలే తాతా," అంది ఆమె. మళ్లీ నా వైపు తిరిగింది. "జర జల్ది ఏదన్న జెయ్యన్నా. లేకుంటే నేనే గోనెసంచిల కట్టి తాపీ అవుతల ఇడిశిపెడ్త. నాకు నా పొల్ల ముఖ్యం."

ఆమె మాటలో తప్పు లేదు. మా గుమ్మంలో నిలబడిన నా భార్య ఆమె పెదవులే చూస్తోంది. గోనెసంచి అన్న మాట ఆమెకు అందింది. లోపలికి పోయి పిల్లిని ఎత్తుకుని మంచం మీద కూర్చుంది, నేను ఎంత పిలిచే సైగ చేసినా నా వైపు చూడలేదు.

మందుల దుకాణంలో కుక్కలకు వాడే మందొకటి ఉంది, పేలు, నెత్తురు తాగే గోమార్లు అన్నీ చస్తాయన్నాడు దుకాణంవాడు. కొనబోయి, డబ్బా మీద కుక్క బొమ్మ ఒక్కటే ఉంది, పిల్లి బొమ్మ ఎందుకు లేదని అడిగాను. వాడు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. కొనకుండా, పిల్లిని కూరగాయల ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మూతకు గుడ్డ కట్టి, జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం.

డాక్టరు చిన్న వయసు గుజరాతీ అమ్మాయి. ముఖానికి మాస్కు ఉంది. ఏదో అడిగింది. నేను అవునన్నాను. ఇంకోటి అడిగింది. దానికీ అవునన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి మాస్కు కిందికి లాగింది. అప్పుడు ఆమె పెదవులు కనపడి, హిందీ మాటలు అర్థమయ్యాయి. నేను అవునన్నది, పిల్లి మగదా ఆడదా అన్న ప్రశ్నకు.

కుక్కల మందు సంగతి ఆమెకు ముందుగా చెప్పాను. ఆమె ముఖం మారింది. "అది రాసి ఉంటే ఇప్పటికి మీ పిల్లి ఉండేది కాదు కాకా. అందులో ఒక మందు కుక్కకు పడుతుంది, పిల్లికి వణుకు పుట్టి ప్రాణం తీస్తుంది." లూము ఆయిల్, గంధకం, కిరసనాయిలు, ఫినాయిలు, వేపాకు ముద్ద, ఏదీ రాయొద్దంది. పిల్లి ఒంటి మీద ఏది పెట్టినా నాకి కడుపులో వేసుకుంటుందట. అందుకే పిల్లికి రాసే మందంటే తినిపించే మందే అని గుర్తుపెట్టుకోమంది.

తర్వాత నాలుగు వెంట్రుకలు పీకి, గాజు మీద పెట్టి, తన యంత్రంలో చూసింది. నన్నూ చూడమంది. మొనలు తెగి ఉన్నాయి. నా భూతద్దంలో చూసినవే.

"బలం లేక తెగినయి," అన్నాను.

"కాదు. వేరు గట్టిగా ఉంది. బలం లేకపోతే, జబ్బయితే, వేరుతో ఊడొస్తుంది. ఇది తనే నాకి నాకి తెంపుకుంటోంది. పిల్లి నాలుక మీద ముళ్లుంటాయి, చూశారా? అది దువ్వెన లాంటిది. అతిగా దువ్వితే పోతుంది."

"మా ముందర నాకదు."

"చాలా పిల్లులు మనుషులు చూడనప్పుడే నాకుతాయి. మీకు రాలినట్టే కనపడుతుంది."

నాకు కొంచెం సిగ్గేసింది గానీ, ఎక్కువగా ఊరట కలిగింది. బొచ్చు ఎలా పోతోందో తెలిసింది, ఎందుకు నాకుతోందో తెలిస్తే చాలు. ఆమె కారణాలన్నీ చెప్పింది. గోమార్లు కుడితే, ఒక్కటే అయినా సరే, కొన్ని పిల్లులకు ఒళ్లంతా దురద. తామర కావచ్చు. తిండి పడకపోవచ్చు. మూత్రం దగ్గర నొప్పి ఉంటే పొట్ట నాక్కుంటుంది. ఇవేవీ కాకపోతే మనసు. మనసు అన్నది చివరిమాట, మిగతావన్నీ తీసేశాకే ఆ మాట అనాలి అంది. అన్నీ ఒకేసారి చేయొద్దు, ఒక్కోటి మార్చి చూద్దాం, లేకపోతే దేనివల్ల తగ్గిందో తెలియదు అంది. లూములో గుడ్డకు చారలు పడితే మేము చేసేదీ అదే. ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

నీలం దీపం వేసి చూసింది, ఏదీ మెరవలేదు. అయినా ఆ దీపానికి అన్ని తామరలూ చిక్కవు కాబట్టి వెంట్రుకలు తీసి పరీక్షకు పెట్టింది, ఫలితం రావడానికి వారాలు పడుతుందంది. మూత్రం పరీక్ష బాగానే ఉంది. పుండు పడకుండా మెడకు గరాటా లాంటి ప్లాస్టిక్ పట్టీ వేసింది. చివరగా అడిగింది, "ఇంట్లో ఈమధ్య ఏమైనా మారిందా? కొత్త మనుషులు, కొత్త సామాను, కొత్త చప్పుడు?"

నేను ఆలోచించే చెప్పాను. "ఏం మారలే. దీపావళికి దాన్ని వదిలేసి ఊరికి పోయినం. అంతే."

"అలిగిందేమో," అంది డాక్టరు. అయినా ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేనట్టు అనిపించింది.

గోమార్లకని మెడ వెనక వేసే చుక్కల మందుతో మొదలుపెట్టాం. డాక్టరు చెప్పినట్టు పేలదువ్వెనతో దువ్వి, వచ్చిన నల్లటి పొడిని తడి కాగితం మీద వేశాను. గోమారు రెట్ట అయితే కాగితం మీద ఎర్రగా దిగుతుందట, అది తాగింది నెత్తురే కదా. ఎరుపు దిగలేదు, మట్టి రంగే వచ్చింది. చుక్కల మందు రెండోసారీ వేశాం, ఏమీ మారలేదు. తర్వాత తిండి మార్చాం. కోడి, చేప, గుడ్డు అన్నీ ఆపి డాక్టరు ఇచ్చిన గింజలే పెట్టాం. పొట్ట అలాగే ఉంది.

గరాటా మాత్రం పనిచేసేది, ఉంచితే. నేను పొద్దున పెట్టి పోయేవాణ్ణి, వచ్చేసరికి అది మంచం కింద ఉండేది. మొదట పిల్లే లాగేసుకుంటోందనుకున్నాను. ఒక సాయంత్రం నా భార్య తనే చెప్పింది. ఆమె మాట ఇప్పటికీ స్పష్టంగానే ఉంటుంది, గొంతు మాత్రం లూముల మధ్య అరిచినట్టు ఉంటుంది.

"నేనే తీస్తున్న. గా గరాటా పెడితే దాని చెవులు నాకు కనబడుతలేవు."

"కనబడకుంటే కొన్ని రోజులు ఓర్చుకోవాలె. నాకితే పుండు పడతది."

"నాకుతుంటే నేను చెయ్యి పెడుత. ఒక్కదాన్ని పొద్దుందాక గోడలు సూసుకుంట కూసుంటే నీకేమెరుక?"

నేను గరాటా పెట్టడం మానలేదు, ఆమె తీయడం మానలేదు.

ఇదంతా జరుగుతుండగా ఒక శుక్రవారం మా గల్లీ మొత్తానికి కరెంటు తీశారు. తీగలు మార్చే పని. నాకు జ్వరంగా ఉండి కార్ఖానాకు పోలేదు. గదిలో ఉక్క. నా భార్య చాప వేసుకుని విసనకర్రతో విసురుకుంటోంది. పిల్లి నేల మీద, చల్లటి బండల మీద, పక్కకు పడి కాళ్లు చాపి నిద్రపోయింది. పొట్ట మొత్తం బయటపెట్టి. దీపావళి తర్వాత అది నేల మీద పడుకోవడం నేను చూడలేదు. ఎప్పుడూ గోడకు కొట్టిన అల్మారా పై అరలో ముడుచుకుని ఉండేది, నేను దాన్ని దాని ఇష్టం అనుకున్నాను. ఆ పొద్దంతా అది ఒక్కసారి కూడా పొట్ట నాక్కోలేదు. గరాటా లేదు, ఆమె చెయ్యి అడ్డం లేదు.

సాయంత్రం కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. పిల్లి లేచింది. చెవులు ఒక్కసారి కిందికి, నేల వైపు వంగాయి, తర్వాత వెనక్కి అణిగిపోయాయి. అల్మారా ఎక్కింది. మాకు వీపు తిప్పి కూర్చుంది. దాని తల కదలడం చూసి నాకు తెలిసింది, నాకుతోందని.

ఫ్యాను గాలికేమో అని ఫ్యాను ఆపాను. అది ఆపలేదు. దీపం ఆర్పాను. ఆపలేదు. నేను గదంతా చూశాను, మారింది ఏమీ లేదు. అప్పుడు నా భార్య చాప మీంచి లేవబోయి అరచెయ్యి నేలకు ఆనించింది. ఆనించి అలాగే ఉండిపోయింది. రెండో చెయ్యి కూడా పెట్టింది.

"నడుస్తున్నది," అంది.

నేనూ చెయ్యి పెట్టాను. నేల సన్నగా వణుకుతోంది. పిల్లి నీళ్ల గిన్నెలో నీళ్లు చూశాను. మధ్యలో చిన్న చిన్న వలయాలు, ఆగకుండా.

"లూము కాదు," అంది ఆమె. లూము దెబ్బ ఆమెకు ఒళ్లంతా తెలుసు. "ఎంబ్రాయిడరీ మెషీను. పెద్దది."

కింది అంతస్తులో ఇంతకు ముందు చీరల గోదాము ఉండేది. దీపావళికి ఖాళీ అయింది. మేము ఊరి నుంచి వచ్చేసరికి అందులో ఎంబ్రాయిడరీ మెషీను పెట్టారు. ఇది నాకు తెలియని సంగతి కాదు. దారం డబ్బాలు దించే టెంపోను దాటుకునే రోజూ పోతాను, ఆపరేటర్లకు రామ్ రామ్ చెబుతాను. డాక్టరు కొత్త చప్పుడు ఏమైనా ఉందా అని అడిగినప్పుడు ఆ మెషీను నా తలలోకే రాలేదు. మా గ్యాలరీలో ఎవరిని అడిగినా అదే చెప్పేవారు. తర్వాత పక్కింటామెను అడిగాను కూడా. "మెషీనా? అవ్, పొద్దుమాపు నడుస్తది. దాంది సప్పుడేంది?" అంది. ఈ ఊళ్లో మెషీను నడుస్తుంటే దాన్ని మేము చప్పుడు అనం. ఆగిపోతే అప్పుడు అందరం తల ఎత్తి చూస్తాం. మా కింద, మా మంచం కింద, నెలల తరబడి అది నడుస్తూ ఉంటే నా భార్యకు వినపడలేదు, నాకు వినపడీ లెక్కలోకి రాలేదు. గదిలో చెవులున్నది పిల్లికి ఒక్కదానికే. ఆ చెవులతో అది మా ముగ్గురి వంతూ వింది.

కిందికి పోయి మేనేజరుతో మాట్లాడాను. కుర్రవాడు, మర్యాదస్తుడే. విని నవ్వాడు. "బిల్లీ కే లియే మెషీన్ బంద్ కరూఁ, కాకా?" అన్నాడు, పిల్లి కోసం మెషీను ఆపాలా అని. ఆపరేటర్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను. నేను తిన్న తిండి మెషీను తిండే. మెషీను కాళ్ల కింద రబ్బరు పెట్టుకోనిస్తావా అంటే, పెట్టుకో అన్నాడు. దాని బరువెంతో అతన్నడిగి, ఎంత మందం పడుతుందో లెక్కవేసి, కార్ఖానాలో పాత రబ్బరు పట్టాలు కోసి తెచ్చి, వాళ్లు జాకీలతో మెషీను ఎత్తితే నా చేత్తోనే పెట్టాను. గిన్నెలో వలయాలు కొంచెం పలచబడ్డాయి. పోలేదు. పిల్లి అల్మారా దిగలేదు.

అదే వారం పరీక్ష ఫలితం వచ్చింది. తామర లేదు. కాగితం తీసుకుపోయి పక్కింటామెకు చూపించాను. ఆమె చదవలేదు గానీ నమ్మింది. వాళ్ల పాపకు తామర బడిలో అంటుకుందని ఈలోగా ఆమెకే తెలిసిందట, పక్క బెంచీ పిల్లకూ ఉందట. మలాము రాస్తే తగ్గింది. "అయితే ఉండనియ్ అన్నా దాన్ని," అంది. గోనెసంచి మాట మళ్లీ ఎత్తలేదు.

పిల్లి ఉండొచ్చని అందరూ ఒప్పుకున్న రోజున నేను డాక్టరు దగ్గర కూర్చుని ఉన్నాను. మెషీను సంగతి చెప్పాను. ఆమె అంతా రాసుకుంది. తర్వాత చెప్పింది. పిల్లికి మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ వినపడుతుంది, మనం వినలేని సన్నటి కూతలు కూడా. తప్పించుకునే చోటు లేకపోతే అది తన ఒంటినే నాక్కుంటుంది, అందులో దానికి కొంచెం ఊరట ఉంటుంది. ఎత్తు మీద దాక్కునే చోటు, ఆటలు, వేళకు తిండి, ఇవన్నీ పనికొస్తాయి. కానీ కారణం అక్కడే ఉంటే ఇవి చాలవు. మాత్ర ఒకటి ఇవ్వొచ్చు.

మాత్ర వేసి చూశాం. పిల్లి నాకడం తగ్గించింది. తాగినవాడిలా నడిచేది, ఎక్కడ పడితే అక్కడ కూలబడి నిద్రపోయేది. తలుపు కొట్టినా దాని చెవి కదిలేది కాదు. నా భార్య దాన్ని ఒడిలో పెట్టుకుని, దాని చెవిని వేలితో నెమ్మదిగా తలుపు వైపు తిప్పి వదిలింది. అది మళ్లీ వాలిపోయింది.

మాత్ర ఆపేసి, ఇంకో గది చూద్దామని తిరిగాను. జోల్వాకు పోయి రావడానికి వీలైన చోట ఏ గల్లీలో చూసినా కింద మెషీను, పైన మేము. ఆ కట్టడాలు కట్టిందే అందుకు. మెషీను లేని చోటు నాకు తెలిసింది ఒక్కటే, అమ్రోలిలో మా చెల్లె ఉండే పై అంతస్తు, ఇళ్ల మధ్య. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

ఆమే అంది. అన్నం తినేటప్పుడు, పళ్లెం వైపు చూస్తూ.

"అది నా కోసమే వింటున్నది గదా. వినీ వినీ దాని బొచ్చు ఊడింది. చాలు. అమ్రోలిల ఇడిశిపెట్టి రా."

"నీకు?"

నా పెదవులు ఆమె చూడలేదు. చూడకూడదనే పళ్లెం మీంచి తల ఎత్తలేదు.

పిల్లిని ఆ కూరగాయల పెట్టెలోనే ఆటోలో తీసుకుపోయాను. ఆమె రాలేదు. తాపీ వంతెన మీద అది ఒకసారి అరిచింది, లేదా అరిచినట్టు నోరు తెరిచింది. లారీల మధ్య నాకు సరిగ్గా తెలియలేదు. మా చెల్లె దాని కోసం బీరువా మీద పాత చీర పరిచి ఉంచింది. అది ఎక్కలేదు. నేల మీదే, కిటికీ కింద ఎండలో కూర్చుంది.

కొన్ని వారాలకు పొట్ట మీద మొలక వచ్చింది, మఖ్మల్ గుడ్డ లాంటిది. తర్వాత అది పొడుగైంది. నేను భూతద్దం పెట్టి చూశాను. మొనలన్నీ సన్నగా, నిండుగా ఉన్నాయి, ఒక్కటీ తెగలేదు. డాక్టరుకు చెబితే సంతోషించింది.

నా భార్య ఒక్కసారి వచ్చి చూసింది. పిల్లి ఆమెను గుర్తుపట్టి ఒడిలో ఎక్కింది. ఆమె ఎప్పటిలాగే దాని చెవులు చూస్తూ కూర్చుంది. వంటింట్లో కుక్కర్ మూడు కూతలు వేసిందని మా చెల్లె తర్వాత చెప్పింది. పిల్లి చెవులు తిప్పలేదు. ఆ ఇంట్లో అది దేన్నీ కాచుకుని ఉండనవసరం లేదు. మళ్లీ అమ్రోలికి పోదామంటే ఏదో పని చెబుతుంది.

తలుపు మీద బల్బు బిగించాను, బయట గంట నొక్కితే లోపల వెలుగుతుంది. గంట నొక్కేవాళ్లు తక్కువ, అందరికీ తలుపు కొట్టడమే అలవాటు. నేను వచ్చేటప్పుడు కాలితో నేల తన్నితే ఆమెకు తెలుస్తుందనుకున్నాను. కానీ నేల ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది, అందులో నా కాలు దెబ్బ కలిసిపోతుంది. అందుకని తాళం తీసి లోపలికి వచ్చాక, గోడ పక్కగా చుట్టూ నడిచి, ఆమె ఎదురుగా వచ్చి నిలబడతాను. అయినా ప్రతిసారీ ఉలిక్కిపడుతుంది. నిన్న ఆమె చేతిలో బియ్యం పళ్లెం ఉంది, జారి పడింది. బియ్యం గదంతా చెల్లాచెదురైంది. మేమిద్దరం వంగి ఏరుతుంటే పక్కింటామె పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం పడ్డదన్నా? గంత పెద్ద సప్పుడైంది?"

పళ్లెం నా కాళ్ల దగ్గరే పడినా, నాకు అంత పెద్దగా వినపడలేదు.